మేకలు నెమరేసిన గింజలు

మా కాలేజీలో అడవుల పాఠం చెప్పే గది గోడ మీద ఒక పటం ఉండేది. అందులో ఒక మేక చిన్న మొక్కను మొదలంటా కొరుకుతూ ఉంటుంది. కింద ఎర్ర అక్షరాలతో ‘మేక అడవికి శత్రువు’ అని రాసి ఉంటుంది. నేను అక్కడ చదువుకున్నప్పుడూ ఆ పటం ఉంది, చదువైపోయి అదే కాలేజీ సామాజిక వనాల ప్రాజెక్టులో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరినప్పుడూ ఉంది. ఆ మేక మొహంలో నాకెప్పుడూ శత్రుత్వం కనపడలేదు, ఆకలే కనపడేది. ఆ మాట అంటే మార్కులు రావు కాబట్టి నోరు మూసుకున్నాను.

నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని. మా ఇల్లు నల్లపాడు స్టేషనుకు దగ్గర. అమ్మ మిషన్ బడిలో టీచరు. బడిలో పిల్లల ప్రశ్నలతో అలిసిపోయి ఇంటికొచ్చేసరికి నేను గుమ్మంలోనే కాచుకుని ఉండేదాన్ని. గూడ్సు బండి ఎందుకాగింది, చింతచెట్టు కింద గడ్డి ఎందుకు మొలవదు, పాదిరి గారికి జలుబెందుకు తగ్గదు. ప్రాజెక్టులో ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ, “ఇకనుంచి ప్రశ్నలడిగితే జీతం కూడా ఇస్తారా? పో తల్లీ, నా చెవులు బాగుపడతాయి” అంది.

ప్రాజెక్టు పర్చూరు అవతల ఒక నల్లరేగడి ఊళ్ళో. పత్తికి పురుగు పట్టి ఊళ్ళను పీల్చి పిప్పి చేసిన ఏళ్ళు అప్పుడప్పుడే దాటుతున్నాయి. ఆ కష్టంలో చాలామంది గట్ల మీది నల్లతుమ్మ చెట్లు కొట్టి అమ్ముకున్నారు. బండి ఇరుసుకీ, నాగలికీ, పొయ్యిలోకీ ఆ ప్రాంతంలో తుమ్మే దిక్కు. ఇక మిగిలింది ఊరి చెరువు పోరంబోకులోని, అంటే నీళ్ళు నిలవక ఖాళీగా పడున్న చెరువు నేలలోని, పాత చెట్లు మాత్రమే. వాటి మధ్య మళ్ళీ తుమ్మ పెంచాలని మా కాలేజీ, అటవీ శాఖ, పంచాయతీ కలిసి అనుకున్నాయి. కాగితం మీద దీనికి ‘ప్రజల భాగస్వామ్యం’ అని పేరు. తీరా ఆచరణలో ప్రజలంటే షామియానా కింద కుర్చీలు నింపేవాళ్ళు.

చెరువు గట్టు పక్కనే మా నర్సరీ. తుమ్మగింజ పైతోలు రాయిలా ఉంటుంది. అది మెత్తబడితే గానీ మొలక రాదు. అందుకని నీళ్ళు మరగబెట్టి గింజల మీద పోసి నానబెట్టేవాళ్ళం. ఒకరోజు డిగ్రీ విద్యార్థులు బకెట్లలో గరిటె పెట్టి కలుపుతుంటే గట్టు మీద మేకల మంద ఆగింది. దాని వెనక దోటి మీద గడ్డం ఆనించి ఒకావిడ మమ్మల్నే చూస్తోంది. దోటి అంటే కొమ్మలు వంచి కాయలు రాల్చే పొడుగాటి కొంకి కర్ర. మనిషి సన్నం, గొంతు మాత్రం అవతలి ఊరికి వినపడుతుంది.

“ఏందమ్మాయ్, గింజలకి తలంటు పోస్తున్నారా?”

“తోలు గట్టిది పిన్నీ, నానితే గానీ మొలవదు” అన్నాను.

“పోయండి పోయండి. తర్వాత సాంబ్రాణి పొగ కూడా వెయ్యండి.”

విద్యార్థులు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ గింజలు మొలవాల్సిన రోజులు దాటిపోతున్నా సంచుల్లో మట్టే కనపడుతుంటే ఆ మంట కాస్తా ఆరాగా మారింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా ప్రొఫెసరు గారు గింజల సరుకు మంచిది కాదన్నారు. నేను మాత్రం గట్టు మీద మేకల గంటలు వినపడితే చాలు, లేచి వెళ్ళేదాన్ని.

“మొలిచినయ్యా?” అని ఆవిడ అడిగేది.

“కొన్ని.”

“కొన్నంటే?”

“కొన్నే పిన్నీ!”

“మా మంద పడుకుని లేచిన చేలోకొచ్చి చూడు. తుమ్మ మొలకలు పీకలేక రైతులు నన్ను తిట్టిపోస్తున్నారు.”

మా వైపు పంట తీసేశాక చేలో మంద కట్టించుకోవడం ఆనవాయితీ. మేకలూ గొర్రెలూ కొన్ని రాత్రులు ఆ చేలోనే పడుకుంటాయి. పెంటా, మూత్రమూ నేలకు బలం. అందుకు బదులు మంద వాళ్ళకు రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. మరిదితో కలిసి మందను నడుపుతోంది. ఆ వేసవిలో మంద సర్పంచ్ గారి మిరప చేలో ఉంది. మర్నాడు తెల్లవారుతుండగా వెళ్ళాను.

మేకలు ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుని లేస్తున్నాయి. అవి పడుకున్న చోట నేల గోరువెచ్చగా ఉంది. పెంటికల పక్కనే, వేరే కుప్పగా, నల్లటి తుమ్మగింజలు. ఎవరో కడిగి ఆరబోసినంత శుభ్రంగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే ఇంకా తడిగా ఉంది.

“పగలు కాయ మొత్తం మింగిద్ది. పడుకున్నాక నెమరేసుకుంటది. అప్పుడు గింజ పంటికి తగిలితే పక్కకు ఉమ్మేసిద్ది” అంది ఆవిడ, సొంత బిడ్డ తెలివి చెప్పుకున్నట్టు. “దాని కడుపులో నానినంతగా మీ బకెట్లో నానిద్దా?”

నేను చేలో గొంతుక్కూచుని చాలాసేపు ఆ గింజలే చూస్తూ ఉండిపోయాను. నాకు పిచ్చి సంతోషంగా ఉంది. విద్యార్థులను పిలిపించాను. వాళ్ళు చీపుళ్ళతో మంద కట్టిన చోటంతా ఊడ్చి, వచ్చింది వచ్చినట్టు సంచుల్లో పోసుకొచ్చారు. ఈసారి మొలకలు ఒత్తుగా లేచాయి. ప్రొఫెసరు గారు ఫోటోలు తీయించారు. మూడో ఆకు వచ్చాక ఆవిడ నర్సరీలోకి వచ్చి ఒక మొక్కను గిల్లి, వాసన చూసి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది. అందులో సగం సర్కారు తుమ్మ. ఊళ్ళను, చేలను కమ్మేస్తున్న ఆ పాడు కంపను మేం సంచికొకటి చొప్పున నీళ్ళుపోసి పెంచాం.

“ఉమ్మింది వేరు, వేసింది వేరు అమ్మాయ్! సర్కారు తుమ్మ గింజ చిన్నది, పంటికి తగలదు. పెంటికల్లోంచి పడిద్ది. మీరు రెండూ కలిపి ఊడ్చుకుపోయారు.”

ఆ రోజు నుంచి విద్యార్థులు తెల్లవారుజామున ఆవిడ వెంట చేలలో వంగి గింజలేరడం నేర్చుకున్నారు. హాజరు పట్టీలో దాన్ని ఏమని వేయాలో తెలియక ‘ప్రాక్టికల్సు’ అని వేశాను. విచిత్రం ఏమిటంటే, తర్వాత లైబ్రరీలో వెతికితే మా పాఠ్యపుస్తకంలోనే ఒక వాక్యం దొరికింది. మేకల దొడ్లలో ఏరిన తుమ్మగింజ బాగా మొలుస్తుందని ఉంది. పరీక్షకు చదివిన పుస్తకమే, కింద గీత కూడా గీశాను. ఆ మేకలు ఎవరో ఒకరివి అయి ఉంటాయని, ఆ మనిషిని వెళ్ళి అడగొచ్చని మాత్రం మాకెవరికీ తోచలేదు.

ఆవిడ చెప్పినవన్నీ నిజాలని అనుకోకండి. సూడి మేక, అంటే కడుపుతో ఉన్న మేక, నెమరేసిన గింజ మిగతావాటికంటే ముందు మొలుస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సరే, చూద్దామని సూడి మేకలను వేరే కట్టించి, ఆ గింజలకు ఒక మడి, మామూలు మేకల గింజలకు ఒక మడి వేశాం. పక్కనే ఏమీ చేయని పచ్చి గింజలతో ఇంకో మడి వేస్తుంటే ఆవిడకు అర్థం కాలేదు.

“ఇది మొలవదని తెలుసుగా, మళ్ళీ ఎందుకు చాకిరీ?”

“ఇది మొలవకపోతేనే గదా, అవి మేకల వల్ల మొలిచాయని చెప్పగలం. ఇది లేకపోతే వాన వల్లో మట్టి వల్లో అనొచ్చు ఎవరైనా.”

ఆవిడ చాలాసేపు ఆ మడి వైపే చూసింది. ఆ తర్వాత గట్టు మీదుగా వెళ్ళినప్పుడల్లా ముందు దాన్నే చూసి వెళ్ళేది. పచ్చి గింజల మడి బోడిగానే ఉండిపోయింది. సూడి మేకల గింజలు, మామూలు మేకల గింజలు ఒక్కసారే మొలిచాయి. నాకు చెప్పడానికి మొహమాటమేసింది. ఆవిడకేం లేదు.

“అయితే మా అత్త నాకు అబద్ధం చెప్పిందన్నమాట! ఇంకా ఏమేం చెప్పిందో ముసల్ది, అవి కూడా చూద్దాం అమ్మాయ్” అంది హుషారుగా.

ఆ ఏడు చలికాలం చివర అసలు చిక్కు వచ్చిపడింది. అటవీ శాఖ రేంజర్ గారు పంచాయతీ ఆఫీసు వసారాలో మీటింగు పెట్టి, వేసవిలో చెరువు పోరంబోకు చుట్టూ కందకం తవ్వి కంపకంచె వేయిస్తామన్నారు. మొక్కలు నాటాక మేకలు లోపలికొస్తే ఒక్కటీ మిగలదన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, చెప్పింది అబద్ధమూ కాదు. కానీ వేసవిలో ఆ చుట్టుపక్కల మేకలకు మేత ఆ చెరువులో రాలే తుమ్మకాయే. అది మూసేస్తే ఆవిడ మందను సంతకు తోలుకుపోవడమే. మంద పోతే ఆవిడకు మిగిలేది మిరప కోతల కూలి. అది అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు.

నేను లేచి ఆవిడ నాకు చెప్పిన సంగతి చెప్పాను. తొలకరి పడి చేలు దున్నగానే మందకు ఊళ్ళో చోటుండదు, వాళ్ళు చీమకుర్తి అవతలి గుట్టలకు తోలుకుపోతారు. పత్తి తీతలయ్యాకే మళ్ళీ దిగుతారు. అంటే మేకలు గింజ రాల్చి వెళ్ళిపోతాయి, మొక్క ముల్లు గట్టిపడే వయసుకు వచ్చాకే తిరిగొస్తాయి. చెరువులో ఉన్న పాత తుమ్మలన్నీ అలా లేచినవే కావచ్చు అన్నాను.

“కావచ్చు అన్న మాట మీద తోట పెంచలేం కదమ్మా” అన్నారు రేంజర్ గారు. సర్పంచ్ గారు నా వైపు తిరిగి, “కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?” అన్నారు. ఆ మాటన్న నోటితోనే, స్తంభం పక్కన కూర్చున్న ఆవిడకు సాయం చేద్దామనుకున్నారో ఏమో, “పోనీ, నూర్పిళ్ళప్పుడు ఎద్దులకు కట్టినట్టు నీ మేకల నోళ్ళకి చిక్కాలు కట్టి తోలుకో” అన్నారు.

“చిక్కం కట్టిన మేక ఏం తిని నెమరేసిద్ది సర్పంచ్ గారా, గాలా?” అంది ఆవిడ.

వసారా అంతా గొల్లుమంది. నవ్వులు ఆగేదాకా ఆగి, ఆవిడ రేంజర్ గారి ముందుకొచ్చి నిలబడింది.

“సారూ, చెరువుని సగానికి కొయ్యండి. తూరుపు సగం మూసెయ్యండి, నా మేక నీడ కూడా పడదు. పడమటి సగం నాకొదిలెయ్యండి. రెండిట్లోనూ మీరు మొక్క నాటొద్దు. వచ్చే పత్తి తీతలయ్యాక వచ్చి చూడండి. నా సగంలో మొలకలు తక్కువైతే మందను నేనే సంతకు తోలుకుపోతా. ఒక్క మాట కూడా అడగను.”

రేంజర్ గారు ఒక్క ఏడాదికి అయితే సరేనన్నారు. లెక్కపెట్టే పని నాకు అప్పజెప్పారు. అప్పటిదాకా ప్రయోగమంటే నాకు భయం లేదు. ఓడిపోతే ఒక రిపోర్టు పోతుంది, అంతే. ఇక్కడ ఓడితే ఒక మంద పోతుంది.

వేసవంతా ఆవిడ పడమటి సగంలో దోటితో కొమ్మలు దులుపుతూ, మేకలను ఒక చెట్టు కింద నుంచి ఇంకో చెట్టు కిందకి మార్చి మార్చి పడుకోబెట్టింది. తొలకరి పడగానే మందతో గుట్టలకు వెళ్ళిపోయింది. మొలకలు లేచాయి. ఎక్కడ మేక గింజ ఉమ్మిందో అక్కడల్లా పచ్చగా, వేలెడంత. నేను సంబరపడుతుండగానే, ఇంకా సరిగా వానలైనా ముదరకముందే, గట్టు మీద మళ్ళీ గంటలు వినపడ్డాయి.

వాళ్ళు ఏటా దిగే గుట్ట పక్కన గ్రానైట్ క్వారీ తెరిచారట. మేత ఉండే చోటంతా రాళ్ళ గుట్టలు పోశారు. పెద్ద పెద్ద లారీల మధ్య మందను దాటించలేక, నిలబడే చోటు దొరక్క వెనక్కి వచ్చేశారు. మేకల డొక్కలు లోపలికి పోయాయి. ఊళ్ళో చూస్తే పచ్చగా ఉన్నవి రెండే, రైతుల చేలూ, ఆవిడ సగం చెరువూ.

ఆవిడ మందను చెరువులోకి తోలలేదు. కాలవ గట్ల మీద, రోడ్డు వారగా, ఎండా వానా చూడకుండా తిప్పింది. అవిసె కొమ్మలు అడుక్కొచ్చి వేసింది. కొన్ని మేకపోతులను అమ్మేసింది. ఒక మధ్యాహ్నం మరిది కునుకు తీస్తుంటే కొన్ని మేకలు చెరువులోకి దిగి గట్టు పక్కన మొలకలు కొరికేశాయి. ఆవిడ అరుస్తూ పరిగెత్తిన పరుగు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. వాటిని బయటికి తోలి, రొప్పుతూ నా దగ్గరికొచ్చి, “ఆ తిన్నది కూడా లెక్కలో రాయి, దాచిపెట్టేవు” అంది.

ఆ మేకలను చూసి నేనే ఆగలేకపోయాను. “పిన్నీ, చెరువులో మొలకలు లేని గడ్డి వైపు కాసేపు వదలకూడదా? ఆకలికి అల్లాడుతున్నాయిగా” అన్నాను.

“ఏటా ఈ రోజుల్లో మా మేకలు ఇక్కడుంటయ్యా? ఉండవు. ఈసారి మేం పోలేకపోయాం. అది మొక్క తప్పా?” అంది.

పత్తి తీతలయ్యాక అందరం వెళ్ళాం. రేంజర్ గారు, సర్పంచ్ గారు, నా విద్యార్థులు, ఆవిడ. లెక్క అక్కర్లేకుండానే కనపడుతోంది. పడమటి సగంలో మోకాలెత్తు తుమ్మ మొక్కలు, ముళ్ళతో సహా. గట్టు పక్కన ఆ తిన్న చోటు మాత్రం బోడిగా ఉంది. తూర్పు సగంలో గడ్డి నడుము దాకా పెరిగింది. అందులో వెతికితే అక్కడో మొక్క, ఇక్కడో మొక్క. నాకు గంతులేయాలనిపించింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

ఆవిడ మా వైపు చూడను కూడా చూడలేదు. కంచె సందులోంచి తూర్పు సగంలోకి దూరి, గడ్డి తొలగించి నేలంతా వెతుకుతోంది.

“ఇక్కడా కాయలు రాలినయ్యిగా. మేక లేకపోతే ఆలస్యంగానన్నా మొలవాలిగా కొన్ని. ఏమైనయ్యి?”

ఎండిన కాయ ఒకటి ఏరి విరిచింది. గింజ మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు. ఇంకోటి విరిచింది. అందులోనూ చిల్లే. నా సంచిలోంచి భూతద్దం తీసిచ్చాను. గింజ లోపల పిండి తప్ప ఏమీ లేదు. ఒకదాంట్లో చిన్న ముక్కుపురుగు లాంటిది ఇంకా కాళ్ళాడిస్తోంది.

“ఇది పెసల డబ్బాలో పడే పురుగుకి చుట్టం పిన్నీ” అన్నాను. పుస్తకంలో చదివింది నాకూ అప్పుడే గుర్తొస్తోంది. “చెట్టు మీదుండగానే కాయలో గుడ్డు పెడుతుంది. రాలిన కాయ నేల మీద నిలవుంటే లోపల నుంచి తినేస్తుంది.”

“మా మేకలు వాటిని నిలవుండనీవు” అంది ఆవిడ మెల్లగా. “అమ్మాయ్, అయితే ఇది పురుక్కీ మేకకీ పందెం. ముందెవరు తింటే వాళ్ళది.”

మేమిద్దరం ఆ గడ్డిలో కూర్చుని కాయలు విరుస్తూ ఉండిపోయాం. రేంజర్ గారు కంచె అవతల నిలబడి చాలాసేపు ఓపిక పట్టి, చివరికి పిలిచారు.

“పెద్దమ్మా, నువ్వు గెలిచావు. ఈ కంచె తీయించేస్తాను. వచ్చే వేసవికి చెరువు మొత్తం నీ మందకి వదలమని రాస్తాను.”

“వద్దు సారూ. ఆ తూరుపు సగం అట్టాగే మూసి ఉంచండి.”

“పిచ్చా నీకు?” అన్నారు సర్పంచ్ గారు. “అడక్కుండా ఇస్తుంటే వద్దంటావేంది? నీ మేకల డొక్కలు చూశావా?”

“చూశా. రోజూ చూస్తన్నా” అంది ఆవిడ. గొంతు ఎప్పుడూ లేనంత తగ్గించింది. “ఈ సారు రేపో మాపో బదిలీ అయి పోతాడు. ఇంకో సారొస్తాడు, మళ్ళీ కంచె అంటాడు. అప్పుడు నేను నోటితో చెబితే వింటాడా? రెండూ పక్కపక్కన ఉంటేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించగలను. ఇవాళ మొత్తం తెరిస్తే రేపు నా దగ్గర ఏముంది?”

రేంజర్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

ఆ వేసవిలో తూర్పు సగంలో కాయలు బాగా రాలాయి. మేకలు కంచె దగ్గర గుమికూడి, ఆ కాయల వాసనకి రోజంతా అరిచేవి. ఆవిడ దోటి అడ్డం పెట్టి, వాటిని తిడుతూ, బతిమాలుతూ, పడమటికి మళ్ళించుకుపోయేది.